తోక సాక్ష్యం

యుద్ధంలో విమానం నడిపి, ఆకాశంలో శత్రువుతో తలపడి, ఒళ్ళు చెక్కుచెదరకుండా ఇంటికి చేరినవాడంటే వీధిలో ఏపాటి గౌరవం ఉండాలి? మన పెద్దమనిషి పాలకోసం సందు చివరికి వెళ్తే పిల్లలు "తోక తాతా, గుడ్ మార్నింగ్!" అనేవారు. మందుల షాపువాడు పనివాడితో "ముందు తోకగారిని పంపించెయ్" అనేవాడు. కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటి ఆయనకి ఉండే ఉంటుంది. పింఛను ఆఫీసువాళ్ళు తప్ప దాన్ని ఇంకెవరూ వాడిన దాఖలా లేదు.

తోక అన్నది తిట్టు కాదు, ఉద్యోగం. యుద్ధవిమానాలు జంటగా ఎగురుతాయి. ముందు వెళ్ళేవాడి చూపంతా వేట మీద ఉంటుంది కనక వాడి వీపు కాయడానికి కాస్త వెనకగా, పక్కగా ఇంకొకడు వెళ్తాడు. రెండోవాడి పనల్లా మెడ తిప్పి తిప్పి వెనక్కి చూడటం, ఎవడైనా వస్తుంటే కేకెయ్యడం. రేడియోలో ఇంటిపేర్లతో సహా పిలుచుకుంటూ కూర్చునే తీరిక ఉండదు కాబట్టి ముందువాణ్ణి తల అనీ, వెనకవాణ్ణి తోక అనీ పిలిచేవారు. యుద్ధం అయిపోగానే ఎవరి పేర్లు వాళ్ళకి తిరిగొచ్చాయి. ఈయనకి మాత్రం తోక ఊడలేదు.

ఈ ఉద్యోగంలోకి ఆయన్ని కళ్ళు తీసుకొచ్చాయి. కుర్రతనంలో సైకిల్ షాపులో పంక్చర్లు వేసేవాడు. ట్యూబు నీళ్ళలో ముంచకుండానే చిల్లెక్కడుందో చూసి వేలు పెట్టి చూపించేవాడు. యుద్ధం వచ్చి, కుర్రాళ్ళని ఎంచుకునే బండి ఊళ్ళోకి వస్తే అందరితోపాటు వరసలో నిలబడ్డాడు. కళ్ళ డాక్టరు గోడకి తగిలించిన అట్ట మీద అక్షరాలు చదవమన్నాడు. చదివాడు. చిట్టచివరి చిన్న వరస కూడా చదివాడు. అంతటితో ఊరుకోక, దానికింద ఉన్న ప్రింటింగ్ ప్రెస్సు పేరూ, ఆ ప్రెస్సు ఉన్న వీధి పేరూ చదివాడు. డాక్టరు లేచి, అట్ట దగ్గరికి వెళ్ళి, కళ్ళజోడు సర్దుకుని చూస్తే నిజంగానే ఉన్నాయి. అన్నాళ్ళుగా ఆ అట్ట వాడుతున్నా అక్కడ వీధి పేరుందని డాక్టరుకే తెలీదు.

"ఈ కళ్ళు వెనక ఉండాలి," అని పెద్ద ఆఫీసరు తేల్చేశాడు. వెనకవాడికి అంత చూపుండాలంటే మరి ముందువాడికి అక్కర్లేదా అని అడగాలన్న ఊహ మనవాడికి రాలేదు. వచ్చినా అడిగే రకం కాదు.

ఆ ముందువాడే సింహం. పొడగరి, మీసగాడు, ఫోటోలకోసమే పుట్టినవాడు. విమానం ఎక్కేముందు ప్రతిసారీ జేబులోంచి దువ్వెన తీసి మీసం దువ్వుకునేవాడు. పైకెళ్ళాక మొహం మీద మాస్కు ఉంటుందనీ, మీసం దేవుడికి కూడా కనపడదనీ ఎవరూ అనలేదు. తన విమానం ముక్కు మీద సింహం బొమ్మ వేయించుకున్నాడు. వేసినవాడు సింహాన్ని ఎన్నడూ చూసిన పాపాన పోలేదు కనక అది జూలు పెరిగిన కుక్కలా తయారైంది. తోక విమానం వంతు వచ్చేసరికి రంగు అయిపోయింది. దాని ముక్కు బోడిగానే ఉండిపోయింది.

ఇక్కడ వాళ్ళ పనిలో ఒక పద్ధతి చెప్పాలి. శత్రువిమానాన్ని కూల్చానని ఎవడికి వాడు చెప్పుకుంటే లెక్కలోకి రాదు. ఇంకొక జత కళ్ళు చూసి ఉండాలి. తల కొడితే తోక "చూశాను" అనాలి. ఆ ఒక్క మాట పడితేనే విమానం పక్కన ఒక గుర్తు పెయింటు చేస్తారు. అంటే వీరుడు వీరుడు కావడానికి ముందు తుపాకీ ఉండాలి, వెనక సాక్షి ఉండాలి. రెండోది గట్టిగా ఉంటే మొదటిది కాస్త అటూ ఇటూ అయినా ఫరవాలేదని సింహం తొందరగానే కనిపెట్టాడు.

మొదటిసారి కిందికి దిగాక సింహం తోక భుజం మీద చెయ్యేశాడు.

"ఒరేయ్ తోకా, నేను కొట్టినవాడు ఏమయ్యాడు?"

"మబ్బులోకి వెళ్ళాడు సార్."

"మబ్బులోంచి బయటికి రావడం చూశావా?"

"లేదు సార్."

"నీ కళ్ళకే కనపడలేదంటే బయటికి రాలేదన్నమాటే కదా. రాలేదంటే పడ్డట్టే కదా. మరి చూశావా, లేదా?"

తోక ఆ తర్కంలో చిల్లెక్కడుందా అని వెతికాడు. ట్యూబులో అయితే దొరికేది. "చూశాను సార్," అన్నాడు.

అంతే, అలవాటైపోయింది. రెండోది పొగ వదిలిందని లెక్కలోకి వచ్చింది. మూడోది కొంగల గుంపేమోనని తోకకి అప్పుడూ అనుమానమే, ఇప్పుడూ అనుమానమే. అయినా రేడియోలో "చూశావా?" అని వినపడగానే ఆలోచన అక్కర్లేకుండా "చూశాను" అని నోటినుంచి దూకేది. ఎవరైనా తుమ్మగానే పక్కవాళ్ళు "చిరంజీవ" అన్నట్టే అదీను. సింహానికి పతకాలు వచ్చాయి, పత్రికల్లో ఫోటోలు వచ్చాయి. ఆ ఫోటోల్లో వెనక ఒక భుజమో, ఒక చెవో కనిపించేది. అది మన తోకది.

ఇక ఆరోది. ఈ కథంతా దాని గురించే.

ఆ రోజు పొద్దున్న శత్రువు ఒకడు ఎండలోంచి దూకి సింహం వెనక పడ్డాడు. తోక చూశాడు, "వెనక! వెనక!" అని గొంతు చించుకున్నాడు. సింహం ఏం చేశాడు? కళ్ళెదురుగా కనపడ్డ మబ్బులోకి దూరి మాయమైపోయాడు. ఆ పూట తోక ముడిచింది సింహం. తోక మాత్రం అక్కడే ఉంది. వేట తప్పించుకుపోయేసరికి శత్రువు ఇటు తిరిగాడు. ఇద్దరూ ఎదురెదురుగా పడ్డారు. ఆ తర్వాత తోక తుపాకులు మోగాయి, శత్రువిమానం పొగ కక్కుకుంటూ కిందికి పోయింది, దానిమీద తెల్లటి పారాచూట్ ఒకటి విచ్చుకుంది.

అప్పుడు మబ్బులోంచి సింహం బయటికొచ్చాడు. పారాచూట్ కనపడింది. రేడియోలో హుషారుగా అరిచాడు.

"కొట్టేశానురా! చూశావా?"

"చూశాను సార్," అంది తోక నోరు.

బుర్ర ఆ మాట వినేసరికి ఆలస్యమైపోయింది. ప్రపంచంలో ఏ పైలట్టూ చెయ్యని ఘనకార్యం అది. తను కూల్చిన విమానానికి ఇంకొకడి తరఫున తనే సాక్ష్యం చెప్పాడు.

కిందికి దిగాక ఒక ఆశ మిగిలింది. దుమ్ము చొరబడకుండా తుపాకీ గొట్టాల మూతులకి గుడ్డముక్కలు అంటించి పంపేవారు. కాలిస్తే అవి చిరిగిపోతాయి. తోక విమానానివి పేలికలైపోయి ఉన్నాయి. సింహానివి పెళ్ళికూతురి మేలిముసుగులా ఎక్కడివక్కడే ఉన్నాయి. మెకానిక్కు ఆ రెండింటినీ మార్చి మార్చి చూస్తుంటే సింహం తాపీగా వచ్చి, వాటిని ఒక్కొక్కటే వేలితో పొడిచి, "గుడ్డ నాసిరకంది," అని వెళ్ళిపోయాడు. మెకానిక్కు తోకవైపు చూశాడు. తోక తన బూట్లవైపు చూసుకున్నాడు. యుద్ధం ముగియగానే ఆ మెకానిక్కు సొంతూరు వెళ్ళిపోయాడు, మళ్ళీ కనపడలేదు.

యుద్ధం తర్వాత సింహం తన పేరుమీద డ్రైవింగ్ స్కూలు పెట్టాడు. బోర్డు మీద జూలు పెరిగిన కుక్కా, దానికింద వరసగా ఏడు విమానాలూ. నేర్పడానికి తోకని పెట్టుకున్నాడు. సింహం గదిలో కూర్చుని వచ్చినవాళ్ళకి యుద్ధం చెప్పేవాడు. తోక కారులో పక్కసీట్లో, రెండో బ్రేకు మీద కాలు పెట్టుకుని, జీవితమంతా ఒక్కటే మాట చెప్పాడు: "వెనక చూడు బాబూ, అద్దంలో వెనక చూడు." ఊళ్ళో సగం మంది ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళే. ముందున్నదాన్ని గుద్దినవాళ్ళున్నారు కానీ వెనకనుంచి గుద్దించుకున్నవాడు ఒక్కడూ లేడు.

ఇంతకీ ఆయనకి కావలసిందేమిటి? పతకమా, బోర్డు మీద చోటా? అవేవీ కాదు. ఇంట్లో మనిషి, ఒక్క మనిషి, "అవును, దాన్ని కొట్టింది మీరే," అనాలి. అదే కుదరలేదు.

ఎందుకంటే ఆ ఇంట్లో మనిషి, అంటే ఆయన భార్య, టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసింది. ఊళ్ళో ఎవడు ఎవడితో అబద్ధమాడినా ఆ మాట ఆవిడ చెవి పక్కనుంచే వెళ్ళేది. డబ్బు పంపించేశాను అనేవాళ్ళు, ఒంట్లో బాగాలేదు అనేవాళ్ళు, ఆఫీసులోనే ఉన్నాను అని సినిమా హాలునుంచి మాట్లాడేవాళ్ళు. అలా వినగా వినగా ఆవిడకి ఒక విద్య పట్టుబడింది. అబద్ధం రాబోయేముందు మనిషి గొంతు ఎక్కడో ఒక్క క్షణం తడబడుతుంది. ఆవిడ దాన్ని పట్టేస్తుంది. పెళ్ళైన కొత్తలో తోక ఎంతో ప్రేమగా ఆరో విమానం సంగతి చెప్పాడు. ఆవిడ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని విన్నది. ఇద్దరూ ఎదురెదురుగా పడ్డారన్న చోటునుంచి తుపాకులు మోగాయన్న చోటికి వచ్చేసరికి తోక గొంతు జారింది.

"అక్కడ తడబడ్డారు," అంది ఆవిడ.

"ఎక్కడ?"

"ఎదురుగా వచ్చాడు అన్నాక. ఫోన్లో అయితే ఈపాటికి లైను కట్ చేసేదాన్ని."

మళ్ళీ మొదలుపెట్టి చెప్పాడు. మళ్ళీ అక్కడే జారాడు. ఆ తర్వాత ఏటా ఏదో సందర్భంలో ఆ కథ బయటికి రావడం, అక్కడే తట్టుకుని పడటం, ఆవిడ "పోనీలెండి సాక్షిగారూ, మీరూ ఎవరికేం తీసిపోయారు," అని లేచి వంటింట్లోకి పోవడం. ఆవిడ చెడ్డది కాదు. ఆయన బూట్లు ఆవిడే తుడిచేది, జ్వరమొస్తే పక్కన కూర్చునేది. కానీ నమ్మకం వేరే గదిలో తాళం వేసి ఉండేది. అబద్ధాలకోరుతో కాపురం చేస్తున్నాననే బాధ ఆవిడకి ఉండేది. అది తోకకి తెలుసు, మంచం పట్టించేంత బాధ అది.

అలా ఉండగా పాత విమానాశ్రయంలో మ్యూజియం పెట్టారు. సింహం విమానానికి తుప్పు గీకి, రంగులు వేసి, మధ్యలో నిలబెట్టారు. ప్రారంభానికి పెద్ద ఆకర్షణ ఒకటి తెచ్చారు. ఆ ఆరో విమానంలోంచి పారాచూట్‌తో దూకినవాడు బతికే ఉన్నాడట, వాళ్ళ దేశంలో పళ్ళ డాక్టరట. అతన్ని పిలిపించారు. కూల్చినవాడూ కూలినవాడూ వేదిక మీద చేతులు కలుపుతారు, ఫోటోలు తీస్తారు, అందరూ కళ్ళొత్తుకుంటారు.

ఆ వార్త వినగానే తోకకి ప్రాణం లేచొచ్చింది.

"ఇన్నాళ్ళూ నా మాట నమ్మలేదుగా. దెబ్బ తిన్నవాడు చెప్తే నమ్ముతావా?"

ఆవిడ చీపురు పక్కన పెట్టింది. "వాడు చెప్తే నమ్ముతాను. వాడికి మీరేం చుట్టం కాదుగా."

"వస్తావా మరి?"

"వస్తాను. మంచి చీర కట్టుకునే వస్తాను. కానీ వాడు మీరు కాదంటే, ఆ కథ ఇంక ఈ ఇంట్లో వినపడకూడదు. సరేనా?"

"సరే," అన్నాడు తోక. చొక్కా తనే ఇస్త్రీ చేసుకున్నాడు, రెండుసార్లు.

ప్రారంభం రోజు పొద్దున్నే వెళ్ళారు. ఆవిడని ముందు వరసలో కూర్చోబెట్టి, తోక చేతులు కడుక్కోవడానికి వెనక కుళాయి దగ్గరికి వెళ్ళాడు. అక్కడ ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. తోకని ఎగాదిగా చూసి, చొక్కాకి గుచ్చిన పేరుచీటీ చదివి, గుండెల మీద చెయ్యి పెట్టుకుని, వంగి దండం పెట్టి, "ఒరేయ్ అన్నగారూ, నిలబడు!" అన్నాడు.

సంగతేమిటంటే, కింద పడ్డాక యుద్ధం అయ్యేదాకా అతను ఇక్కడి జైలు శిబిరంలోనే ఉన్నాడు. మన భాష కాపలావాళ్ళ దగ్గర నేర్చుకున్నాడు. మనసులో ఎంత మర్యాద ఉన్నా నోటికి వచ్చినవి వాళ్ళ మాటలే.

"ముక్కు మీద బొమ్మ లేని విమానం. అది నువ్వే కదరా, అన్నగారూ?"

తోక జీవితమంతా ఎవరో ఒకరి నోటినుంచి వినాలనుకున్న మాట ఇలా కుళాయి పక్కన వినపడింది. వినవలసిన మనిషి మాత్రం ముందు వరసలో కూర్చుని ఉంది.

"నేనే," అన్నాడు.

"ఎంత దగ్గరికి వచ్చావురా! గుద్దేస్తావు అనుకున్నాను. పక్కకి తిరుగుతావు, తిరుగుతావు అనుకున్నాను. తిరగలేదు. నేనే భయపడి పైకి లేపాను, పొట్టలో కొట్టావు. ఎంత గుండెరా నీది!"

తోక కుళాయి కట్టేసి, రుమాలుతో చేతులు చాలాసేపు తుడుచుకున్నాడు.

"ఇదే వేదిక మీద చెప్తారు కదా?" అన్నాడు చివరికి.

పళ్ళ డాక్టరు మొహం మాడిపోయింది. అటూ ఇటూ చూసి తోక చెయ్యి పట్టుకున్నాడు.

"చెప్పను. జైలునుంచి ఇంటికి వెళ్ళాను. మా ఆవిడ అడిగింది, ఎవడు కొట్టాడు? సింహం, అన్నాను. నా మనవలు బళ్ళో చెప్పుకున్నారు, మా తాతని సింహం కొట్టింది అని. నా దగ్గర పళ్ళు పీకించుకునేవాళ్ళకి కూడా తెలుసు. ఇప్పుడు వెళ్ళి ఏం చెప్పను? సింహం కాదు, తోక తగిలి పడ్డాను అని చెప్పనా?" అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఒరేయ్ అన్నగారూ, దయచేసి నోరు మూసుకో."

అంత వేడుకోలుగా ఆ మాట ఎవరూ ఎవరితోనూ అని ఉండరు. తోకకి నవ్వాలో ఏడవాలో తెలీలేదు. తనకున్న ఒకే ఒక్క సాక్షి, వాడికీ ఇంట్లో ఒక ఆవిడ ఉంది.

వేదిక మీద తోకకి కుర్చీ లేదు. ఎవరో క్యాంటీన్‌నుంచి స్టూలు తెచ్చి సింహం వెనక, కాస్త పక్కగా వేశారు. ఆ చోటు ఆయనకి కొట్టినపిండే. సింహం ఇప్పుడు ముసలిదైపోయింది, మీసానికి మాత్రం నల్లరంగు వేసింది. మాటలు మొదలయ్యాయి. పళ్ళ డాక్టరు మైకు ముందుకి వచ్చి, తన భాషలో నాలుగు ముక్కలు చెప్పి, మన భాషలో "నన్ను కొట్టింది సింహం!" అని సింహం చెయ్యి పైకెత్తాడు. రేకుల షెడ్డు చప్పట్లతో హోరెత్తింది. తోక ముందు వరసవైపు చూశాడు. ఆవిడ చప్పట్లు కొట్టట్లేదు. ఒళ్ళో సంచి సర్దుకుంటోంది. కథ అయిపోయినవాళ్ళు సర్దుకున్నట్టు సర్దుకుంటోంది.

"దీనికి సాక్షి కూడా ఇక్కడే ఉన్నాడు!" సింహం వెనక్కి తిరక్కుండానే చెయ్యి ఊపాడు. "ఒరేయ్ తోకా, లే. చెప్పు అందరికీ. నువ్వు చూశావా?"

"చూశాను," అంది తోక నోరు.

చప్పట్లు మళ్ళీ మొదలవబోతున్నాయి. ఆవిడ సంచి పట్టుకుని లేవబోతోంది. ఆ లేవడం చూసేసరికి తోకకి ఏమైందో ఏమో, మైకు దగ్గరికి వంగి ఇంకో మాట అన్నాడు.

"కొట్టింది నేనే కనక, బాగా దగ్గర్నుంచే చూశాను."

షెడ్డులో నవ్వు మొదలైంది. ముందు వెనక బెంచీల్లో, తర్వాత మధ్యలో, చివరికి ప్రారంభానికి వచ్చిన మంత్రిగారి కుర్చీలో కూడా. అందరికంటే గట్టిగా సింహం నవ్వాడు. "మా తోకకి హాస్యం ఎక్కువ! యుద్ధంలో కూడా ఇలాగే నవ్వించి చంపేవాడు!" అని వీపు మీద ఒక్కటి చరిచాడు. సింహానికి నిజంగానే నవ్వొచ్చింది. చెప్పగా చెప్పగా ఆ ఏడు విమానాలూ తనే కొట్టానని ఎప్పుడో నమ్మేశాడు పాపం. పళ్ళ డాక్టరు మాత్రం నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. ముందు వరసలో ఆవిడ మొహం కందగడ్డలా ఎర్రబడింది.

బస్సులో ఇంటికి వస్తుంటే ఆవిడ కిటికీలోంచి బయటికే చూసింది. తోక టిక్కెట్టు మడిచి మడిచి వడ్లగింజంత చేశాడు. ఇంటికి వచ్చాక ఆవిడ చీర కూడా మార్చుకోకుండా స్టవ్ వెలిగించి టీకి నీళ్ళు పెట్టింది. గిన్నె పెట్టిన చప్పుడుకే తోకకి అర్థమైంది, ఇవాళ టీ తేలిగ్గా దొరకదని.

"నలుగురిలో పరువు తీసుకున్నారు," అంది ఆవిడ, వెనక్కి తిరక్కుండా. "దెబ్బ తిన్నవాడే మొత్తుకుని చెప్పాడు కదా, సింహం అని. ఆ తర్వాత కూడా ఎందుకండీ ఆ మాట?"

"వాడు నాతో చెప్పాడు. కుళాయి దగ్గర."

"ఏమని?"

తోక చెప్పాడు. బోడి ముక్కు విమానం సంగతి, మనవల సంగతి, నోరు మూసుకోమని బతిమాలిన సంగతి. ఆవిడ విన్నది. ఎక్కడా ఆపలేదు.

"ఇందులో తడబాటు లేదు," అని ఒప్పుకుంది. "కానీ మీకు మీరే చెప్పుకుని చెప్పుకుని నమ్మేసినా తడబాటు ఉండదు. ఆ సింహానికి ఉందా? సరే, ఇవాళే ఆఖరు. ఆకాశంలోది చెప్పండి. మొదటినుంచీ."

తోక వంటింటి గడప దగ్గర నిలబడి మొదటినుంచీ చెప్పాడు. ఎండలోంచి దూకినవాడు, మబ్బులోకి దూరినవాడు, ఇటు తిరిగినవాడు.

"ఎదురుగా వచ్చాడు. పెద్దగా, ఇంకా పెద్దగా, ఈ గోడంత అయ్యాడు. అప్పుడు నేను..."

గొంతు జారింది.

"అదిగో!" ఆవిడ గరిటె పట్టుకుని గిర్రున తిరిగింది. "మళ్ళీ అక్కడే! అప్పుడు మీరు ఏం చేశారు? గురిపెట్టారా? పెడితే పెట్టానని చెప్పండి. పెట్టకపోతే పెట్టలేదని చెప్పండి. ఏం చేశారండీ?"

"కళ్ళు మూసుకున్నాను!" అని అరిచాడు తోక.

స్టవ్ మీద నీళ్ళు తెర్లుతున్నాయి.

"ఏంటీ?"

"కళ్ళు మూసుకున్నానే! గట్టిగా మూసేసుకున్నాను. గుద్దేస్తాడు, చచ్చిపోతాను అనుకుని మా అమ్మని పిలిచాను. తుపాకీ మీట మీద వేలు దానంతట అదే బిగుసుకుపోయింది. వాడు నా గుండె ధైర్యం అంటాడు. ధైర్యం లేదు, నా మొహం లేదు. వాడు ఎదురుగా ఉన్నాడో పక్కకి పోయాడో నాకు తెలిస్తేగా! కళ్ళు తెరిచేసరికి ముందు ఎవరూ లేరు, కింద పొగ ఉంది. కొట్టింది నేనే, కానీ నేను చూడలేదు. ఇవాళ దగ్గర్నుంచి చూశానన్నాను చూడు, అదీ అబద్ధమే. ఈ కళ్ళు వెనక ఉండాలని పంపించారు నన్ను. ప్రెస్సు ఉన్న వీధి పేరు కూడా చదివిన కళ్ళు! చూడాల్సిన ఒక్కదాన్ని చూడలేదు. ఈ మాట నీకెలా చెప్పను? నువ్వు నన్ను చేసుకున్నది పైలట్టునని కదా?"

ఇంత పొడుగు మాట ఆయన జన్మలో మాట్లాడలేదు. చివరికొచ్చేసరికి రొప్పుతున్నాడు. కానీ ఆవిడ చెవికి అందులో ఎక్కడా ఒక్క తడబాటు తగల్లేదు.

ఆవిడ స్టవ్ కట్టేసింది. గరిటె కింద పెట్టింది. ముందు పెదవి వణికింది, ఏడుస్తుందేమో అనుకున్నాడు తోక. ఏడవలేదు, నవ్వింది. షెడ్డులో జనం నవ్విన నవ్వు కాదది. నవ్వుతూ నవ్వుతూ పీట మీద కూలబడి, కొంగుతో కళ్ళు తుడుచుకుని, చెయ్యి చాచి ఆయన చొక్కా అంచు పట్టుకుని దగ్గరికి లాక్కుంది.

"లేనిది కల్పించుకునేవాడెవడూ కళ్ళు మూసుకుని అమ్మా అని అరిచానని కల్పించుకోడండీ," అంది. "కొట్టింది మీరే. ఈ ముక్క పెళ్ళైన కొత్తలోనే చెప్పి ఏడవొచ్చుగా!"